ఒక్క శుభలేఖ మీద గల్లీ అంతా

బేగంపేటలో పచ్చళ్లు అమ్మే ఒక యాప్ ఆఫీసు ఉంది. అక్కడ సర్వర్ల బాధ్యత నవతది. ఆర్డర్లు పెరిగితే వాటి పని చూసే కంటెయినర్లు, అంటే సర్వర్లలో నడిచే చిన్న చిన్న ప్రోగ్రాములు, వాటంతటవే పుట్టుకొస్తాయి, తగ్గితే మాయమవుతాయి. ఆవకాయ రోజుల్లో అవి ఎంతగా పుట్టేవంటే, తలా ఒక కుర్చీ వేస్తే పాత ఎయిర్‌పోర్టు రన్‌వే చాలేది కాదు. నమ్మకపోతే మీ ఇష్టం.

చిక్కల్లా బ్యాంకుతోనే. ముందే తన దగ్గర రాయించుకున్న ఇంటర్నెట్ అడ్రసు నుంచి వస్తేనే అది చెల్లింపు తీసుకుంటుంది. కొత్తగా పుట్టిన ప్రతి కంటెయినరూ కొత్త అడ్రసుతో బయల్దేరేది, గుమ్మంలోంచే తిరిగొచ్చేది. నవత బ్యాంకులో పనిచేసే ఓంప్రకాశ్‌కు ఫోన్ చేసి అడ్రసు చెప్పేది. ఆయన ఇరానీ చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్ నమిలి, రాసుకునేసరికి ఆ కంటెయినర్ ఆయుష్షే తీరిపోయేది. ఆదివారం కూడా చెల్లింపులు పడకపోతే పని బెంగళూరు టీముకు అప్పగిస్తానని మేనేజర్ రాజేందర్ తేల్చేశాడు.

శుక్రవారం నవతను అత్తగారు విజయమ్మ సైనిక్‌పురిలో ఒక పెళ్లికి లాక్కెళ్లింది. శుభలేఖ ఒక్కటే, విజయమ్మ పేరు మీద. వెనక మాత్రం వాళ్ల పద్మారావు నగర్ గల్లీ అంతా ఉంది. ఫంక్షన్ హాలు గుమ్మంలో పెళ్లికొడుకు మేనమామ ఆ దండుకు అడ్డంగా నిలబడ్డాడు.

"గీళ్లంతా ఎవరక్కా?"

"కార్డుల ఏం రాయించినవ్ తమ్మీ? సకుటుంబ సపరివార సమేతంగ అనే గద. గిదే నా పరివారం. జెర జరుగు."

జరిగాడు. తిరిగి వచ్చేటప్పుడు రకరకాల తాంబూలం సంచులన్నీ కలిపి విజయమ్మ చేతికే ఇచ్చారు. ఎవరిది వాళ్లకు ఆమే పంచింది, ఒక్కటీ తారుమారు కాలేదు. ఆ పంపకం చూస్తూ చూస్తూ నవత ఆటోలో తనలో తానే నవ్వడం మొదలుపెట్టింది. కోడలికి వడదెబ్బ తగిలిందని విజయమ్మ మజ్జిగ తాగించింది.

మర్నాడు నవత కంటెయినర్లు బయటికి పోయే దారులన్నీ మూసి, ఒక్క గేటు పెట్టింది. ఎన్ని పుట్టినా అందులోంచే, దాని అడ్రసు మీదే పోవాలి. వచ్చిన జవాబులు ఎవరివి వాళ్లకు పంచడం కూడా గేటు పనే. ఓంప్రకాశ్‌కు ఆ ఒక్క అడ్రసే ఇచ్చింది.

ఆదివారం జనం ఆవకాయ మీద విరుచుకుపడ్డారు. చెల్లింపులు జారకుండా పడుతూనే ఉన్నాయి. రాజేందర్ నవత వెనక నిలబడి గోళ్లు కొరుకుతుండగా ఓంప్రకాశ్ ఫోన్ చేశాడు.

"మేడమ్, ఒక్క అడ్రసు నుంచి గింత మందా? ఎవరీళ్లు? పరేషాన్ అయితున్న."

"మా ఇంటోళ్లే సార్. సకుటుంబ సపరివారం. మీరు చాయ్ తాగుర్రి."

రాజేందర్ ఇక బెంగళూరు ఊసెత్తలేదు. ఆ గేటుకు నవత 'విజయమ్మ' అని పేరు పెట్టింది. ఆ సంగతి అత్తగారికి మాత్రం ఇంకా చెప్పలేదు.