ముప్పై ఆరో ఫోటో

పదకొండో చీరను బొమ్మకు కట్టి, కుచ్చిళ్లు సర్ది, సుధాకర్ ఫోన్ ఎత్తాడు. మెడ కింది నుంచి పాదాల దాకా తీస్తే చాలు. ముఖమెవరికి కావాలి, జనం చూసేది అంచూ కొంగే కదా అంటాడు ధర్మవరంలో అతను పనిచేసే పట్టుచీరల కొట్టు షావుకారు. రోజుకు వంద ఫోటోలు తీయడం, వాట్సాప్‌లో పంపడం, అమ్ముడైనవాటిని సాయంత్రం తుడిచేయడం. పదేళ్లుగా ఇదే అతని పని.

బొమ్మ వచ్చింది రెండేళ్ల కిందటే. అంతకుముందు చీరలు కట్టుకుని నిలబడింది అతని భార్య మంజులత. ఆమె చనిపోయాక వెతికితే ఫోన్‌లో మెడ కింది మంజులతే దొరికింది. ఇంట్లో నవ్వుతుండగా తీసిన నాలుగైదు కూడా, అమ్ముడైన చీరలతోపాటు ఏదో సాయంత్రం అతని చేత్తోనే తుడుచుకుపోయాయి. పెళ్లి ఫోటోలో ఆమె తల వంచుకునే ఉంది. ఆధార్ కార్డులోని ముఖం ఆమెది కాదు; ఎవరి కార్డులోనైనా అంతేననుకోండి.

పెనుకొండ నుంచి కొనేవాళ్లెవరో, ఎప్పుడో అతను తీసిన పాత చీర ఫోటోనే తిరిగి పంపారు. "అన్నా, ఈ కలర్ ఉండాదా?" నడుము మీద మంజులత చెయ్యి, వేలికి అతను చేయించిన ఉంగరం. నెలకోసారైనా ఆమె ఇలా తల లేకుండా తిరిగొస్తూనే ఉంటుంది. "లేదమ్మా, అయిపోయింది" అని కొట్టి పంపాడు. ఆ మాట కొట్టిన ప్రతిసారీ అతనికి భయమేస్తుంది. ఈ మధ్య కళ్లు మూసుకున్నా ఆమె ముఖం పూర్తిగా రావడం లేదు.

అందుకే నిరుడు హిందూపురంలో పాత రీలు కెమెరా కొన్నాడు. తుడిచేయడానికి వీల్లేని ఫోటో కావాలతనికి. ఆదివారాలు దాన్ని మెళ్లో వేసుకుని తిరుగుతుంటే వీధంతా నవ్వింది. రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. ముప్పై ఐదు వాడేసి, చివరిది తన దగ్గరే ఉంటున్న అత్త జయలక్ష్మమ్మ కోసం దాచాడు. మంజులత గడ్డం, నవ్వు, రెండూ ఆమె దగ్గర నుంచి వచ్చినవే. ఆమె మాత్రం అడిగినప్పుడల్లా మొహం తిప్పుకునేది. "నా బిడ్డకు తల లేకుండా చేసినోడివి, నన్నేం తీస్తావులేప్పా" అనేది.

ఈ ఉదయం తనే పిలిచింది.

"తియ్యప్పా. ఈసారి తలకాయ వదలాకు."

సుధాకర్ కిటికీ వైపు చూశాడు. "వెలుతురు చాలదత్తా. ఉండేది ఒకటే. నాలుగింటికి ఈడ ఎండ పడ్తాది, అప్పుడు తీస్తా."

"జేబులో ఫోనుండాది కదా?"

"దాంట్లో వద్దత్తా."



మూడున్నరకే కొట్లో చెప్పి ఇంటికొచ్చాడు. తలుపు తీసే ఉంది. జయలక్ష్మమ్మ తల దువ్వుకుని, పెట్టెలోని మంచి చీర కట్టుకుని, కిటికీ ఎదుట కుర్చీలో కూర్చుని ఉంది. ఎండ అతను చెప్పిన చోటే పడుతోంది. ఆమె తల రొమ్ము మీదికి వాలిపోయింది.

"అత్తా" అన్నాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

పొద్దున వేసుకుపోయిన కెమెరా మెళ్లోనే ఉంది. ఆ గడ్డాన్ని కాస్త పైకెత్తితే చాలు. అతనికి చేతులు రాలేదు. పొద్దున ఫోన్‌లోనే తీసి ఉంటే ఏం పోయేదని తనను తాను తిట్టుకుంటూ, ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు.

కిటికీ గట్టు మీద, కూర్చున్న మనిషి ముఖానికి సరిపోయేలా చేతి అద్దం ఆనించి ఉంది. నవ్వు ఎలా వస్తుందో చూసుకున్నట్టుంది. ఇప్పుడు అందులో ఎండ పడిన గోడ ఒక్కటే ఉంది.