గదికి పెట్టిన పరీక్ష

కుర్చీలకు పాలిష్ కొట్టే ఆ గదిలో దగ్గు ఎవరికీ వింతగా తోచేది కాదు. ఒకరు దగ్గితే, "నిన్నెవరో గట్టిగానే తలుచుకుంటున్నారే" అని పక్కవాళ్లు ఆటపట్టించేవారు. అలవాటైపోయిన కష్టాన్ని మనం కష్టమనుకోవడం మానేస్తాం. అక్కడే మోసపోతాం.

అక్కాచెల్లెళ్లిద్దరికీ ఆ గదిలోనే పని. అక్క స్ప్రే గన్నుతో పాలిష్ చిమ్మేది. చెల్లెలు తడి ఆరని కుర్చీలను పక్కకు జరిపేది. భర్త పోయిన అక్కకు చెల్లెలే దిక్కు. తల్లి లేని చెల్లెలికి అక్కే అమ్మ.

కొంతకాలంగా పడుకుంటే చాలు, అక్క ఛాతీలో పిల్లికూతలు.

"పిల్లిని పెంచుతున్నావా అక్కా?"

"గట్టిగా అనకే. తెలిస్తే పనిలోంచి తీసేస్తారు."

"తుమ్మితే ఊడే ముక్కు అంటారు గానీ, దగ్గితే ఊడే ఉద్యోగం మనదే!" అని చెల్లెలు పకపకా నవ్వేది.

ఒకరోజు సూపర్‌వైజరు వచ్చి, "రేపు ఒక మేడమ్ వస్తుంది. మీకు పరీక్ష ఉంది. ఫెయిలై నా పరువు తీయకండి" అన్నాడు. పరీక్ష! ఆ మాటకు భయపడి బడి మానేసినవాళ్లే ఆ గదిలో సగం మంది.

మర్నాడు తనిఖీ అధికారిణి వచ్చి, అక్క నడుముకు చిన్న యంత్రం కట్టి, దాని గొట్టాన్ని ముక్కుకు దగ్గరగా భుజం మీద తగిలించింది. "పనయ్యేదాకా తీయకండమ్మా" అని చెప్పి పక్క షెడ్డుకు వెళ్లిపోయింది. యంత్రం సన్నగా గుర్రుమంటోంది. తన లోపలి పిల్లికూతలన్నీ అది వినేస్తోందని అక్కకు గుబులు పుట్టింది. ఎవరూ చూడకుండా విప్పి, బయటి గాలి తగిలే కిటికీకి వేలాడదీసింది. మేడమ్ తిరిగి వచ్చేలోగా మళ్లీ కట్టుకుంది.

గదిలో గాలికి ఢోకా లేదని యాజమాన్యానికి ఫలితం వచ్చింది. పనివాళ్ల దాకా చేరింది 'పాస్' అన్న ఒక్క మాటే. "మా అక్క పాసైందోచ్!" అని చెల్లెలు చప్పట్లు కొట్టింది. గోడకు పాలిష్ ఆవిరిని బయటికి లాగే పంకాలు పెట్టించాలనుకున్న యాజమాన్యం ఇక ఆ ఊసే ఎత్తలేదు.

చలికాలం వచ్చేసరికి చెల్లెలికి ఆయాసం పట్టుకుంది. పనిచేసేచోట రసాయనాలేమైనా ఉన్నాయా అని డాక్టరు అడిగాడు. వెంట వచ్చిన ఫ్యాక్టరీవాళ్లు ఆ ఫలితాన్ని చూపించారు. ఆయన నమ్మి, మందులు రాసి పంపేశాడు. యంత్రం విప్పిన సంగతి నోటిదాకా వచ్చినా, పని పోతుందన్న భయంతో పక్కనే ఉన్న అక్క మింగేసింది. చెల్లెలు మళ్లీ అదే గదికి వెళ్లింది. ఒక మధ్యాహ్నం కుర్చీని జరుపుతూ జరుపుతూ దాన్నే పట్టుకుని కూలబడిపోయింది. ఆస్పత్రికి చేరేలోగా ఊపిరి ఆగిపోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు మళ్లీ వచ్చింది అధికారిణి. అక్క ఆమె ముందు నిలబడి జరిగిందంతా చెప్పేసింది.

"అయ్యో, అది నీకు పెట్టిన పరీక్ష కాదమ్మా, గదికి పెట్టింది" అంది అధికారిణి.

"ఆ ఒక్కమాట అప్పుడే చెప్పుంటే నా చెల్లెలు బతికేది కదమ్మా!"

అక్కను తప్పుపట్టే ముందు మనమూ ఒక్క క్షణం ఆగుదాం. పనివాడి ఒంటికి యంత్రం కట్టడం తెలిసిన మనకు, అదెందుకో వాడితో చెప్పాలని ఎందుకు తోచదు? చెప్పని మాట కూడా ఒక విషమే.

ఈసారి యంత్రం కట్టే ముందు అధికారిణి అందరినీ పిలిచి, పక్కన అక్కను నిలబెట్టింది. అక్క కళ్లు తుడుచుకుని తోటివాళ్ల వైపు తిరిగింది.

"ఎవరూ విప్పకండర్రా. దగ్గితే దగ్గండి, దాచుకోకండి. ఇది కొలిచేది మనల్ని కాదు, మనం పీల్చే గాలిని. గది ఫెయిలైతేనే మనం బతుకుతాం."