పోశెట్టి పెట్టె మీది తాళంకప్ప

నేను ఒక తాళంకప్పను. బొటనవేలంత ఒళ్లు, పైన ఇత్తడి రంగు, లోపల ఏదో తేలిక లోహం. కప్ప అని పిలుస్తారు గానీ, ఎంత వాన కురిసినా అరవడం నాకు చేతకాదు. ఎక్కడ పుట్టానో గుర్తు లేదు. తెలివి వచ్చేసరికి నిర్మల్ బస్టాండు పక్కన, తోపుడు బండి మీద, నాలాంటి వాటితో కలిసి ఒక తీగకు వేలాడుతున్నాను. గుండుసూదితో గెలికితే తెరుచుకునే రకం మాది. నన్ను చూస్తే ఏ దొంగైనా నవ్వుతాడు. అయినా మనుషులు కొంటూనే ఉంటారు. వాళ్లు కొనేది దొంగ కోసం కాదు, తమకు నిద్ర పట్టడం కోసం.

పోశెట్టి నన్ను ఎర్ర సూట్‌కేసుకు తగిలించి ఎడారి దేశానికి తీసుకుపోయాడు. అక్కడ మేడలకు రంగులు వేసే పని. గది నిండా మనుషులు, మంచం కింద పెట్టె, పెట్టె మీద నేను. ఏసీ హోరులో సగం నిద్రగా తేలుతూ ఉండేదాన్ని. తాళంచెవి పోశెట్టి మొలతాడుకు కట్టి ఉండేది. రెండోది దిండు గలీబులో.

ఒక శుక్రవారం అతను ఇంటికి ఫోను చేశాడు. అవతల భార్య గంగామణి.

"నా మెడ బోసిగనే ఉన్నదయ్యా. వీసాకని అమ్మిన గొలుసు మళ్ల కొంటనంటివి. కొన్నవా?"

"కొన్ననే. పెట్టెల పెట్టి తాళమేసిన. నా చేతులతోనే నీ మెడల ఏస్త."

నేను ఉలిక్కిపడ్డాను. పెట్టెలో ఉన్నవి చొక్కాలు, తలనొప్పి తైలం, కరెంటు పోయినప్పటి కోసం ఒక ఛార్జింగు లైటు. అంతే. ఆ రోజు నుంచి నేను ఒక అబద్ధానికి కాపలా. చిత్రమేమిటంటే, కాయగా కాయగా ఆ గొలుసు నాకూ కనిపించసాగింది. చొక్కా మడతల మధ్య, నీళ్ల అడుగున కదిలే వెన్నెల తీగలా. పోశెట్టికీ కనిపించేదేమో, పడుకున్నవాడు చెయ్యి కిందికి జార్చి నన్ను తడిమేవాడు. నేను బిగుసుకుని ఉంటే చాలు, అది లోపల ఉన్నట్టే.

ఆ ఎండాకాలం పోశెట్టి పని మీదే కూలిపోయాడు. మళ్లీ లేవలేదు. మొలతాడు, దానికున్న చెవి శవంతోపాటే ఇంటికి పోయాయి. పెట్టె చేర్చే బాధ్యత, సెలవు మీద వెళ్తున్న అదే ఊరి రాజనర్సు మీద పడింది. దిండు గలీబులోని చెవితో నన్ను తీసి, గదిలోవాళ్లంతా కూర్చుని పోశెట్టి వస్తువులు సర్దారు. చచ్చినవాడి సొమ్ము ఒక్కటి కూడా ఆగకూడదని ఛార్జింగు లైటు కూడా పెట్టారు. అందులో బ్యాటరీ ఉందని, విమానంలో వేసే పెట్టెల్లో అది ఉండనివ్వరని ఎవరికీ తట్టలేదు.

"తాళమెయ్యకు బావా," అన్నాడు పక్క మంచం చిన్నయ్య. "ఏర్పోర్టు మెషీన్ల ఏమన్న అనుమానమొస్తే కట్కున కోస్తరు."

"ఎయ్యకపోతే ఊరోళ్లు నన్ను కోస్తరు రా. గంగామణి గొలుసడుగుతది. ఏదీ?"

"జేబులన్ని దులిపినం గదా. వాడు ఎన్నడు కొనలేదు."

"గా ముచ్చట నా నోటితోని ఎట్ల జెప్పాలె?"

"అయితే ఏసుకపో. ఆమెనే తీసి చూసుకుంటది. నీ మీదికి రాదు."

నన్ను గట్టిగా నొక్కి మూశాడు రాజనర్సు. ఎంత నమ్మకం, పాపం! ఊరి మాట నుంచి కాపాడటానికి గుండుసూదికి లొంగే తాళం!

విమానాశ్రయంలో నల్లటి పట్టా మీద పెట్టె కదిలింది. ఎక్కడో గంట మోగింది. ఇనుప పళ్లు నా కొంకిని పట్టి కొరికాయి. లైటు తీసుకుని, నన్ను చొక్కాల మధ్య పడేసి జిప్పు మూశారు.

పుట్టినప్పటి నుంచీ బయట కూర్చున్నదాన్ని. మొదటిసారి లోపలికి వచ్చాను. రంగు వాసన, తైలం వాసన, పోశెట్టి చెమట వాసన. విమానం కడుపులో చలి మెల్లగా పేరుకుంటోంది. మబ్బుల మీద ఊగుతూ, ఆ మడతల్లో గొలుసు కోసం వెతికాను. లేదని తెలుసు. అయినా వెతికాను.

గంగామణి ఇంటి ముందు జనం. పోశెట్టి అన్న భోజన్న పెట్టెను చుట్టూ తిప్పి చూశాడు.

"తాళమేది రా నర్సూ?"

రాజనర్సు జిప్పు లాగాడు. తెగిన నేను బయటపడ్డాను. అతని ముఖం సున్నం కొట్టినట్టయింది. భోజన్న చొక్కాలన్నీ దులిపాడు.

"గొలుసేది?"

నిజం చెబితే రాజనర్సు నింద నుంచి బయటపడతాడు. నోరు తెరిచాడు కూడా. అంతలో గంగామణి వైపు చూశాడు. ఆమె పిడికిలిలో తాళంచెవి ఉంది. తన చేత్తో తెరవాలని పట్టుకుని కూర్చుంది.

"ఏర్పోర్టుల కోసిండ్రు అన్నా," అన్నాడు తల వంచుకుని. "గొలుసు గూడ పోయినట్టున్నది."

"ఏర్పోర్టుల పోయిందో, తొవ్వల పోయిందో!" అని గుంపులోంచి ఎవరో అన్నారు. ఒకరిద్దరు నవ్వారు.

గంగామణి నన్ను నేల మీద నుంచి తీసి, కొంగుతో తుడిచింది.

"పోతె పోయింది తీ అన్నా," అంది రాజనర్సుతో. "కొన్నడు గదా. గంతే చాలు."

ఇప్పుడు నేను ఆ ఇంటి గూట్లో, దీపం పక్కన ఉంటున్నాను. పనేమీ లేదు. మధ్యాహ్నాలు ఎండ గోడ మీద పాకుతుంటే కునుకుతూ, బజారు మాటలు వింటుంటాను. రాజనర్సు మళ్లీ ఎడారికి పోలేదు. ఊళ్లో ఇప్పుడతణ్ని గొలుసు నర్సు అంటారు.

పిలిస్తే పలుకుతాడు.