గొబ్బెమ్మల గ్యాసు

రేణిగుంట పక్క పల్లెలో పెంచలయ్య గోబర్ గ్యాసు పెట్టించి ఏడాదైంది. రెండావుల పేడ గుంతలో పడితే చాలు, పొయ్యిలో నీలిమంట. మిగిలిన మడ్డి వేరుశనగ చేనుకి ఎరువు. పేడ కుప్పలో మురిగినా, కట్టెలు కాల్చినా ఆ ఆవిరీ పొగా పైకెక్కి ఆకాశం వేడెక్కుతుందనీ, ఇలా మండించుకుంటే అది తగ్గుతుందనీ చిత్తూరు ఆఫీసరు చెప్పిన మాటను ఊరందరి చెవులూ చిల్లులు పడేలా చెప్పాడు. ఆకాశం మాట దేవుడెరుగు, ఆయనగారి అసలు సుఖం వేరు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఆ మంటకే బీడీ ముట్టించుకోవాలి!

భార్య మునిరత్నమ్మకు ఆ గుంతంటేనే ఒళ్లుమంట. పొయ్యి ఒక్కపూట ఆరినా గుంత పూడ్చి అరటిపిలకలు నాటుతానని ఒట్టేసింది. పిలకలు తెచ్చి పెరట్లో పెట్టింది కూడా.

ధనుర్మాసం వచ్చింది, పెంచలయ్య కొంప మునిగింది. గొబ్బెమ్మలకని, కల్లాపికని వీధిలో ఆడవాళ్లంతా పేడకు వాళ్లింటికే వచ్చేవాళ్లు. మునిరత్నమ్మ లేదనకుండా దోసిళ్లతో పెట్టేది. మూడోవారానికి మంట దీపంవత్తంత అయింది.

ఇంకేం చేస్తాడు పాపం! మధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తుంటే బుట్ట పట్టుకుని ఇంటింటి ముందూ గొబ్బెమ్మల్ని గుమ్మడిపూలతో సహా ఏరుకున్నాడు. ఎదురింటి నాగులమ్మ తలుపు తీసింది.

"మా గౌరమ్మను యాడికి ఎత్తకపోతా ఉండావన్నా?"

పెంచలయ్య బుట్టను వెనక్కి దాచాడు. "సాయంత్రానికి ఎట్లాగూ పిడకలు కొట్టి, ఎండినాక పొగ పెట్టేదే కదమ్మా. నా గుంతలో ఎయ్యండి. మడ్డి మీకే ఇస్తా, కల్లాపి సల్లుకోండి. వాసనుండదు."

నాగులమ్మ వచ్చి మడ్డి వాసన చూసి సరేనంది. ఆ సాయంత్రం నుంచి వీధిలోని గొబ్బెమ్మలన్నీ వాటంతటవే గుంతకు చేరాయి, మడ్డి వాకిళ్లకు చేరింది. పొయ్యి భగ్గుమంది. పెరట్లో అరటిపిలకలు ఎండిపోయాయి.

గెలిచానని మీసం దువ్వుకుంటూ పెంచలయ్య బీడీతో వంగాడు. చేతిమీద గరిటె పడింది. చూస్తే పొయ్యికి పసుపూ కుంకుమా బొట్లు!

"ఈదిలో గౌరమ్మలంతా ఈ మంటలోనే ఉండారు. ఈడ బీడీ ముట్టిస్తావా?" అంది మునిరత్నమ్మ.

ఇంట్లో అంత గ్యాసు పెట్టుకుని, ఆ మహానుభావుడు అగ్గిపుల్ల కోసం నాగులమ్మ గడప ముందు నిలబడ్డాడు. ఆమె అగ్గిపెట్టె కొంగున ముడేసుకుంది.

"పొగ పైకెక్కితే ఆకాశం వేడెక్కతాదంట కదన్నా," అంది.