మూడో కౌంటర్‌కి వచ్చిన కొత్తల్లుడు

మూడో కౌంటర్‌లో కూర్చునే ఆమెను షాపులో అందరూ మెరుపు అనేవారు. ఆమె చేతిలో సరుకు ఆగదు. బార్‌కోడ్ ఎటువైపు ఉందో చూడకుండానే ప్యాకెట్ తిప్పుతుంది, స్కానర్ కూత పెడుతుంది, సరుకు అవతల పడుతుంది. తొందరలో ఉన్నవాళ్ళు వెతుక్కుని మరీ ఆ లైన్లో నిలబడతారు. ఆమె మీద ఉన్న ఫిర్యాదు కూడా అదే. తల ఎత్తదు.

ఫిర్యాదు చేసింది లైన్లో నిలబడేవాళ్ళు కాదు. కంపెనీ అప్పుడప్పుడు ఒక మనిషిని పంపుతుంది. ఆ మనిషి అందరిలాగే బుట్ట పట్టుకుని తిరిగి, ఏదో ఒకటి కొని, బిల్లు కట్టి వెళ్ళిపోతాడు. ఎవరు పలకరించారు, ఎవరు మొహం చూసి మాట్లాడారు, ఎవరు విసుక్కున్నారు అన్నది తర్వాత రిపోర్టుగా వస్తుంది. వచ్చేది ఆడో మగో, ఎప్పుడు వస్తారో షాపులో ఎవరికీ తెలియదు. బిల్లులు కొట్టేవాళ్ళు ఆ మనిషికి కొత్తల్లుడు అని పేరు పెట్టుకున్నారు. ఎవరి మీదైనా అనుమానం కలిగిందంటే ఇక వాళ్ళకి జరిగే మర్యాద ఆ స్థాయిలో ఉంటుంది మరి. అల్లుడు సబ్బుల దగ్గరున్నాడని ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కి కబురు వెళ్తుంది. అందరూ సర్దుకుని కూర్చుంటారు.

మెరుపుకి వరసగా రెండు రిపోర్టులు చెడ్డవి వచ్చాయి. సూపర్‌వైజర్ ఆమెను గదిలోకి పిలిచి, ఇంకొకటి అలాగే వస్తే వెనక గోడౌన్‌కి మార్చక తప్పదని చెప్పాడు. గోడౌన్ పని తెల్లవారకముందే మొదలవుతుంది. ఆమె భర్త రాత్రి బస్సు నడుపుతాడు. అతను ఇల్లు చేరేసరికి బడి గంట కొట్టేసి ఉంటుంది. కూతురు రెండో తరగతి. ఆ పిల్లను నిద్ర లేపి, జడ వేసి, బడి గేటు దాటించేది మెరుపే. ఆ పనికి ఇంట్లో ఇంకో మనిషి లేరు.

ఈసారి అల్లుడు ఎవరైనా సరే, తన లైన్లోకి వస్తే చాలు, కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటానని ఆమె పక్క కౌంటర్ ఆవిడతో అంది. పక్క కౌంటర్ ఆవిడను రేడియో అంటారు. ఎందుకంటారో ఆవిడ పక్కన కాసేపు కూర్చుంటే తెలుస్తుంది.

కొద్ది రోజులకే ఒక పెద్దావిడ వచ్చింది. అరల మధ్య నడుస్తూ ప్రతి ప్యాకెట్‌నీ ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూస్తోంది. ధరల చీటీల మీద వేలు పెట్టి చదువుతోంది. ముందుగా కనిపెట్టింది రేడియో.

"అల్లుడు ఈసారి ఆడమనిషే. నీ లైన్లోకే వస్తోంది. నవ్వు తల్లీ, నవ్వు."

పెద్దావిడ బెల్టు మీద పాలపొడి పెట్టి, ఇది ఎన్నాళ్ళు నిలవుంటుందని అడిగింది. మెరుపు లేచి నిలబడి, ప్యాకెట్ వెనక్కి తిప్పి తేదీ చదివింది. బిస్కెట్ల తేదీ అడిగితే అదీ చదివింది. రొట్టెకి గడువు దగ్గరపడిందని తేలింది. మెరుపు ఉండమని చెప్పి, తనే వెళ్ళి అర లోపలి వరస నుంచి కొత్తది తెచ్చింది. పెద్దావిడ ఆమె బ్యాడ్జి మీదికి వంగి పేరు కూడబలుక్కుంది. దాంతో మెరుపుకి ఇక సందేహం లేకపోయింది. సంచిలో బరువువి అడుగునా రొట్టె పైనా వచ్చేలా సర్దింది. రసీదులు చూసి పంపే సెక్యూరిటీ ఆయన దాకా సంచి తనే మోసింది. ఇంటికి ఎంత దూరం, మోకాళ్ళ నొప్పులున్నాయా, తోడెవరైనా ఉన్నారా అని దారిలో అడిగింది. ఒక్కదాన్నేనని ఆవిడ చెప్పింది. ఒక ప్యాకెట్ కొంటే అయిపోవడానికి చాలా రోజులు పడుతుందనీ, అందుకే తేదీలు అడుగుతాననీ చెప్పింది.

లైన్లో వెనకున్నవాళ్ళు సణుగుతున్నారు. మెరుపు తిరిగొచ్చి కూర్చుని తర్వాతి సరుకులు అందుకుంది. ఒక బల్బు, ఒక షేవింగ్ క్రీము. ఎవరో మగమనిషి. ఆమె తల ఎత్తలేదు.

పెద్దావిడ ఆ వారంలోనే మళ్ళీ వచ్చింది. అల్లుడు రెండోసారి రావడం ఎక్కడా లేదని ఒకరిద్దరు అన్నారు. ఇది గట్టి పరీక్ష అని రేడియో తేల్చింది. మెరుపు మళ్ళీ లేచి నిలబడింది, తేదీలు చదివింది, సంచి మోసింది. ఈసారి ఆవిడ అడిగితే తన కూతురి సంగతి కూడా చెప్పింది.

తర్వాత రిపోర్టు వచ్చింది. షాపు తెరవకముందు సూపర్‌వైజర్ అందర్నీ నిలబెట్టి అది చదివాడు. మూడో కౌంటర్‌లో నా వంతు ఆలస్యంగా వచ్చింది, క్యాషియర్ నన్ను పలకరించనూ లేదు, అయినా నా ముందున్న వృద్ధురాలి పట్ల ఆమె చూపిన ఓర్పు ఇంతవరకు ఏ శాఖలోనూ చూడలేదు, అందుకని మార్కులు తగ్గించడం లేదు. అదీ రిపోర్టు. కొన్న వస్తువుల దగ్గర బల్బు, షేవింగ్ క్రీము అని ఉంది.

సూపర్‌వైజర్ చప్పట్లు కొట్టించి లోపలికి వెళ్ళాడు. ఆయన వెళ్ళేదాకా రేడియో పెదవి బిగబట్టుకుని ఉంది.

"అల్లుణ్ణి గుమ్మంలో నిలబెట్టి, దారిన పోయే ఆవిడకి మర్యాదలు చేశావు కదే!"

అందరూ నవ్వారు. మెరుపు కూడా నవ్వింది. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. గోడౌన్ గండం గట్టెక్కిన సంతోషంలో ఆ నవ్వు ఎవరి మీదో ఆమె ఆలోచించలేదు.

షాపు గుమ్మం పక్కన స్తంభానికి ఆమె ఫొటో పెట్టారు. పెద్దావిడ దాని దగ్గరికంటా వెళ్ళి చూసి, నేరుగా మూడో కౌంటర్‌కి వచ్చి మెచ్చుకుంది. అప్పట్నుంచి ఏ లైను ఖాళీగా ఉన్నా ఆవిడ ఆ లైన్లోనే నిలబడేది. వచ్చిన ప్రతిసారీ తేదీలు అడిగేది, పాప ఎలా ఉందని అడిగేది. మెరుపు మొదట్లో లేచి నిలబడేది. తర్వాత కూర్చునే చదివేది. తర్వాత చదవడం మానేసింది. ఒక సాయంత్రం లైను పాల డబ్బాల దాకా పెరిగి ఉండగా పెద్దావిడ సూప్ ప్యాకెట్ చేతిలో పెట్టి తేదీ అడిగింది. మెరుపు దాన్ని తిప్పి చూడలేదు.

"దాని మీదే రాసుంటుంది, చూసుకోండి. వెనక జనం ఉన్నారు."

పెద్దావిడ ప్యాకెట్ సంచిలో వేసుకుంది. అలసిపోయినట్టున్నావమ్మా అని మాత్రం అని వెళ్ళింది.

ఆ తర్వాత వచ్చినప్పుడు ఆవిడ వెనకవాళ్ళకి దారి ఇవ్వడం మొదలుపెట్టింది. తన వంతు రాగానే పక్కకి జరిగి, మీరు కానివ్వండి, నాకు తొందర లేదు అనేది. బుట్ట పట్టుకుని చూయింగ్ గమ్ అర పక్కన అలా నిలబడే ఉండేది. ఎందుకు నిలబడ్డారని ఒకతను అడిగితే, ఆ పిల్ల మన మనిషేనండీ, కాస్త తీరిక దొరికితే మాట్లాడదామని, అంది. ఆ మాట రెండు కౌంటర్లకీ వినపడింది. రేడియో ఊరుకోలేదు.

"నీ అల్లుడు అలిగి నిలబడ్డాడే. వెళ్ళి బతిమాలుకో."

మెరుపు ముందున్న బిల్లు పూర్తి చేసి, కౌంటర్ మూసివేయబడింది అన్న బోర్డు బెల్టు మీద పెట్టి, పెద్దావిడ వైపు చూడకుండా టీ గదిలోకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి ఆవిడ లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ అమ్మాయి ఇప్పుడే వస్తుంది అని చెబుతూ చాలాసేపు బోర్డు దగ్గరే నిలబడిందనీ, చివరికి సూపర్‌వైజర్ గదిలోకి వెళ్ళిందనీ రేడియో చెప్పింది.

మెరుపు అది ఫిర్యాదే అనుకుంది. కాదు. ఆ పిల్ల చేత అంత పని చేయించకండి, ఒంట్లో బాగున్నట్టు లేదు అని చెప్పడానికి వెళ్ళిందట. సూపర్‌వైజర్‌కి ఆవిడ మాట తీరు నచ్చింది. హెడ్ ఆఫీసు నుంచి పెద్ద మేనేజరమ్మ వస్తోంది, ఆవిడ ముందు నాలుగు మాటలు చెప్పండి అని అడిగాడు. ఆ రోజే మెరుపుకి మూడో కౌంటర్ ఖాయం చేయిస్తానని కూడా అన్నాడు. మెరుపు ఆ రాత్రి భర్తకి ఫోన్‌లో కౌంటర్ ఖాయమవుతుందన్న సంగతి మాత్రం చెప్పింది.

మేనేజరమ్మ వచ్చిన రోజున పెద్దావిడ ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని వచ్చింది. షాపు తెరవకముందు అందరూ వరసగా నిలబడ్డారు. ఆవిడ ఎవరి వైపు చూసి మాట్లాడాలో తెలియక స్తంభం వైపు తిరిగి మాట్లాడింది.

"నాకు చూపు సరిగా ఆనదు. ఈ సంగతి ఎవరికీ చెప్పను. చెబితే జాలిపడతారు, లేకపోతే సరుకు మార్చి ఇస్తారు. ఇదివరకు వెళ్ళే షాపులో తేదీ అడిగితే మొహం మీదే విసుక్కునేవాళ్ళు. ఈ పిల్లకి నేను చెప్పలేదు. మొదటిరోజే తనంతట తనే కనిపెట్టి, లేచి నిలబడి చదివింది. కన్నవాళ్ళు నేర్పాలి అలాంటివి."

రేడియో దగ్గింది. ఆ దగ్గు ఆగలేదు. పక్కనున్నామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంగిపోయింది. మిగతావాళ్ళు చెప్పుల వైపు చూస్తున్నారు. మెరుపు మాత్రం తల ఎత్తి ఉంచాల్సి వచ్చింది, మేనేజరమ్మ ఆమెనే చూస్తోంది. ఇప్పుడు అది కాదని ఒక్క మాట అంటే చాలునని ఆమెకు తెలుసు. ఆ మాట అంటే తెల్లవారకముందే ఇంటి తలుపు వేసుకుని బయల్దేరాలని కూడా తెలుసు. నవ్వమంటే నవ్వింది. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీశారు. మేనేజరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, ఇక ఆ కౌంటర్ నీదే అంది.

ఆ మాట అయ్యాకే మెరుపు పెద్దావిడ వెంట బయటికి నడిచింది. ట్రాలీలు వరసగా తోసి ఉంచే చోట ఆగింది.

"పెద్దమ్మా, ఆ రోజు మిమ్మల్ని కంపెనీ పంపిన మనిషి అనుకున్నాను."

ఏ మనిషి అని ఆవిడ అడిగింది. మెరుపు రిపోర్టుల సంగతి, గోడౌన్ సంగతి, బల్బు కొన్న మనిషి సంగతి చెప్పింది. అల్లుడన్న మాట ఒక్కటీ మింగేసింది.

"అయితే నా కళ్ళ సంగతి నీకు తెలీదన్నమాట."

"తెలీదు."

"మొన్న బోర్డు పెట్టి వెళ్ళావు. అప్పుడో?"

"అప్పటికి మీరు ఆ మనిషి కాదని తెలుసు."

పెద్దావిడ ట్రాలీ పిడి పట్టుకుంది. లోపల వాళ్ళందరికీ తెలుసా అని అడిగింది. తెలుసని మెరుపు చెప్పింది.

"అందుకా ఆవిడ దగ్గింది."

పెద్దావిడ బట్టల మీద ముడత లేకపోయినా చేత్తో సర్దుకుంది.

"లోపల ఆయనకి చెప్పకు. పిల్ల తల్లివి." మెట్టు ఎక్కడుందో కాలితో తడుముకుని దిగింది. మెరుపు చెయ్యి అందించబోయింది. ఆవిడ చూడలేదో, చూసి వద్దనుకుందో తెలియదు.

ఇద్దరూ ఉన్న ఫొటో స్తంభం మీదికి వచ్చింది. దాన్ని తీసేయమని మెరుపు అడిగితే సూపర్‌వైజర్ అణకువ అనుకుని మెచ్చుకున్నాడు. పెద్దావిడ చాలా రోజులు రాలేదు. వచ్చాక కూడా రేడియో లైన్లో నిలబడేది. రేడియో గొంతు తగ్గించి తేదీలు చదివేది. అల్లుడు జోకులు మానేసింది. ఎవరైనా ఎత్తినా, ఇక చాల్లే ఊరుకో అనేది.

ఒక మధ్యాహ్నం రేడియో సెలవులో ఉంది. మిగతా కౌంటర్లు మూసి ఉన్నాయి. పెద్దావిడ మూడో కౌంటర్ ముందుకి వచ్చి బెల్టు మీద పాలపొడి పెట్టింది, రొట్టె పెట్టింది. ఏమీ అడగలేదు. మెరుపు లేచి నిలబడి పాలపొడి తిప్పి తేదీ చదివింది.

"అడగలేదమ్మా," అంది పెద్దావిడ.

మెరుపు రొట్టె తేదీ కూడా చదివింది. ఎల్లుండితో అయిపోతుందనీ, కొత్తది తెస్తాననీ అంది. పెద్దావిడ వద్దంది. వెనకవాళ్ళు ఉన్నారు అంది. డబ్బిచ్చి, రసీదు తీసుకుని, సంచి తనే ఎత్తుకుంది.

మెరుపు తర్వాతి బుట్ట అందుకుంది కాని చెయ్యి కదల్లేదు. పెద్దావిడ గుమ్మం దగ్గర ఆగింది. సంచిలోంచి పాలపొడి తీసి సెక్యూరిటీ ఆయన చేతికిచ్చి ఏదో అడిగింది. ఆయన ప్యాకెట్ వెలుతురుకి పెట్టి, ఆవిడకి చెవుడు అనుకున్నాడో ఏమో, గట్టిగా చదివాడు.

మెరుపు చదివిన తేదీ అదే. పెద్దావిడ తల ఊపి, సంచిలోంచి రొట్టె కూడా తీసి ఆయన చేతికిచ్చింది.