దేవమణి మీద గచ్చు

మా సంఘంలో సమాధి మీద ఇటుక పెట్టరు. ఇసుక పోసి, కర్ర సిలువ పాతి వచ్చేస్తారు. లోకాంతాన కడబూర మోగిన రోజున సమాధుల్లోంచి లేచేవాళ్లకు పైన బరువు ఉండకూడదట. ఆ కట్టుబాటు పెట్టింది మా అయ్య ఆదాము. నౌపడ ఉప్పు మడుల పక్కనున్న మా పేటకు ఆయనే ఉపదేశి. బూర ఇవాళో రేపో మోగుతుందని నేను పుట్టకముందు నుంచీ చెబుతున్నాడు.

నా భార్య దేవమణి పందొమ్మిది వందల అరవై ఏడు వేసవిలో కామెర్లతో పోయింది. ఆసుపత్రి ఎందుకు, ప్రార్థన చాలన్నాడు అయ్య. చాలలేదు. ఆ ఇసుకలోనే పాతిపెట్టాం.

మరుసటి ఏడు వానలకు సమాధి కుంగింది. కుక్కలు తవ్వాయి. మా అమ్మాయి సత్యవతి చూసి వచ్చింది. ఏం చూసిందో చెప్పలేదు. పొయ్యి ముందు కూర్చుని, "గచ్చు యేయించు అయ్యా. కుక్కలు మల్లీ వస్తాయి" అంది.

బూర మోగుతుందని నేను నమ్మడం మానేసి చాలా కాలమైంది. ఆదివారం ఆరాధనకూ పోను. భయం మాత్రం మానలేదు.

చిన్నప్పుడు ఒక సాయంత్రం మడుల నుంచి ఇంటికొస్తే ఎవరూ లేరు. పొయ్యి మీద గంజి పొంగుతోంది. అమ్మ చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. బూర మోగింది, దేవుడు అందరినీ పైకి ఎత్తుకుపోయాడు, నన్ను వదిలేశాడు అనుకున్నాను. వాళ్లు పక్కింట్లో జబ్బుమనిషిని చూడటానికి పోయారు. తిరిగొచ్చేసరికి నేను గుమ్మంలో నిక్కరు తడుపుకుని నిలబడి ఉన్నాను. అమ్మ దగ్గరకు తీసుకోబోయింది. అయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ. ఆ బయం ఉండాల."

ఉంది.

తాపీమేస్త్రి అప్పలసూరి నాతో బడిలో చదివినవాడు. మా మతం కాదు. చుట్టరికం లేకపోయినా బావా అని పిలుస్తాడు. గచ్చు సంగతి చెప్పాలని అతని ఇంటిదాకా పోతాను. గుమ్మం ముందు నోరు పెగలదు. తిరిగి వచ్చేస్తాను. చివరికి అతనే పట్టుకున్నాడు.

"ఏటి బావా, రోజూ నా గుమ్మం సుట్టూ తిరగతన్నావు? నీకేటో బాకీ పడ్డానని మా యావిడ నన్ను పీక్కు తింతంది."

చెప్పాను.

"ఓస్, దీనికా! మీ దేవుడు ఏకంగా బండ దొర్లించుకుని లెగిసేడంటారు కదా. నా గచ్చు ఏపాటి?"

నాకు నవ్వు రాలేదు. మాటతో పోయే భయమైతే ఎప్పుడో పోయేది. అయినా మర్నాడు రమ్మన్నాను.

పొద్దున్నే గుంట పూడ్చి, ఇసుక తడిపి, దిమ్మిసతో కొట్టాం. పైన ఇటుక పేర్చాం. అప్పలసూరి సిమెంటు కలిపాడు. పైన గచ్చు నేనే వేస్తానని తాపీ అడిగి తీసుకున్నాను. సగం వేసేసరికి అయ్య వచ్చాడు. కర్ర ఊతంగా కంచె అవతలే నిలబడ్డాడు.

"ఒరే డేవిడూ! దాన్ని బందీ సేస్తన్నావురా. ఆ రోజున అందరూ లెగిసెల్లిపోతారు. అదొక్కతీ కింద సేతులు కొట్టుకుంటాది."

నా చెయ్యి ఆగింది.  గచ్చు కింద నుంచి ఎవరో తడుతున్నట్టే అనిపించింది.

అప్పలసూరి కంచె వైపు చూశాడు. "తాతా, ఆ కర్ర అట్టుకుని ఇన్నాల్లూ కుక్కల్ని తోలినా బాగున్ను కదా!" అన్నాడు. తర్వాత నాతో, "బావా, సిమెంటు బిగిసిపోతాది. యేస్తే యెయ్యి. నేకపోతే తాపీ ఇలా ఇచ్చీ" అన్నాడు.

తాపీ ఇవ్వలేదు. కింద తడుతున్నట్టు అనిపిస్తూనే ఉంది. అలాగే వేశాను. ఒక మూల ఎగుడుదిగుడుగా వచ్చింది. సరిచేస్తానన్నాడు అప్పలసూరి. వద్దన్నాను.

సంఘం వాళ్లు నాతో మాటలు మానేశారు. మాట్లాడినప్పుడు మాత్రం ఏం ఒరిగిందని? పొద్దునా సాయంత్రం నేనూ సత్యవతీ వెళ్లి గచ్చు మీద నీళ్లు పోసేవాళ్లం. కుక్కలు వచ్చి వాసన చూసి పోయేవి.

ఒక సాయంత్రం అయ్య మా వాకిట్లోకి వచ్చాడు. దేవమణి పోయాక ఆయన ఈ గడప తొక్కలేదు. నేను కూర్చోమనలేదు. ఆయనే అరుగు మీద కూర్చున్నాడు.

"నాను పోతే..." అన్నాడు. "నా మీద యెయ్యవు కదరా?"

 అరుగు అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. ఆ భయం నాకు తెలుసు. ఆయనకీ ఉందని మాత్రం ఇప్పటిదాకా తెలియదు. జాలి కలుగుతుందేమోనని కాసేపు చూశాను. కలగలేదు.

"వేస్తాను" అన్నాను.

"ఒరే డేవిడూ..."

"కుక్కలకి నువ్వు ఉపదేశివని తెలుస్తాదేటి? వేస్తాను."

ఆయన లేచి, గోడ పట్టుకుని వెళ్లిపోయాడు. సత్యవతి గుమ్మంలోంచి అంతా విన్నది.  అన్నం పెట్టింది. తిన్నాను.

మర్నాడు మడి గట్టు వేస్తూ ఉంటే తెలిసింది, అయ్య వెళ్లినప్పటి నుంచీ బూర మాట ఒక్కసారి కూడా నా తలలోకి రాలేదని. పార ఆపి కాసేపు నిలబడ్డాను. సంతోషం లాంటిదేమీ రాలేదు. గట్టు ఇంకా చాలా మిగిలి ఉంది. వంగి మట్టి ఎత్తాను.