రెండో రేకు మూస్తే

నా దగ్గర డాక్టరేటు చేస్తున్న లారస్ మళ్ళీ నీళ్ళు నమిలింది.

"అమ్మగారూ, రేపటి ఉపన్యాసానికి పాత గీతే పెట్టుకుందామండీ. అది ముచ్చటగా ఉంటుంది కదండీ."

"నిన్నటి కూర వేడిచేసి పెళ్ళివారికి వడ్డిస్తామా? రేపు నన్ను ప్రొఫెసర్ని చేస్తున్నారే! కొత్తగా కొలిచిన గీత కావాలి. కానీ, మొదలుపెట్టు."

జావా దీవిలోని ఈ జోగ్జా ఊరి పిల్ల అది. ఈ ఊళ్ళో ఎవరైనా కాలు తొక్కితే, తొక్కించుకున్నవాడే క్షమాపణ అడుగుతాడు. నేనేమో సుమత్రా కొండల్లోని తారుతుంగ్ నుంచి వచ్చిన బతక్ తెగదాన్ని. మా ఇళ్ళలో మంచినీళ్ళు అడిగినా పక్కవీధికి వినపడుతుంది. ముప్ఫై ఏళ్ళుగా వీళ్ళ తియ్యటి పనసకూర తింటున్నా నా గొంతు మాత్రం తగ్గలేదు.

నా బతుకంతా ఒక ఉక్కు పీపా. దాన్లోంచి గాలంతా తోడేసి, రెండు వైపుల నుంచీ రెండు అణువుల ధారలు వదులుతాం. ఒక్కో ధారని ఆపడానికి అడ్డంగా దించే రేకు ఒకటి ఉంటుంది. మధ్యలో అవి ఢీకొంటాయి. ఏ దిక్కుకి ఎన్ని ఎగిరాయో లెక్కపెడతాం. చాలా ఏళ్ళ కిందట, ఎవరూ ఊహించని దిక్కున బోలెడన్ని వచ్చాయి. కాగితం మీద గీత కొండలా లేచింది. ఢీకొన్న అణువులు అలా కూడా వెనక్కి తిరుగుతాయని నేను రాస్తే లోకం ఒప్పుకుంది. నా పేరు, నా ఉద్యోగం, పెళ్ళి మానుకుని అమ్మతో పడ్డ తగువులు, అన్నీ ఆ కొండ కోసమే. లారస్ డాక్టరేటు కూడా దాని మీదే నిలబడి ఉంది.

మధ్యాహ్నానికి కొత్త గీత వచ్చింది. కొండ చక్కగా లేచింది. నేను చప్పట్లు కొట్టాను. లారస్ కొట్టలేదు.

"ఏమే, ఎవరైనా పోయారా?"

"అబ్బే, లేదండీ. ఊరికే అనిపించిందండీ... రెండో ధార రేకు ఒక్కటే మూసి చూస్తే ఎలా ఉంటుందోనని..."

"రెండు రేకులూ మూసి చూశాంగా! కొండ మాయమైంది. ఇంకేం కావాలి నీకు?"

"అవునండీ. అమ్మగారు చెప్పినట్టేనండీ."

ఆ మెత్తటి మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. "సరిగ్గా చెబితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా? మూస్తే ఏమవుతుందో చూడు!" అంటూ నేనే వెళ్ళి రెండో ధారకి అడ్డంగా రేకు దించేశాను. ఇక మొదటి ధారకి ఢీకొట్టడానికి ఎదురు ఎవరూ లేరు. కొండ పడిపోవాలి.

పడలేదు.

రేకు సందులోంచి కారుతోందేమోనని రెండో ధారకి వాయువునిచ్చే సిలిండరే కట్టేశాను. కొండ అలాగే ఉంది. అత్తా కోడళ్ళిద్దరూ నోరు మూసుకుంటే ఇల్లు నిశ్శబ్దమైంది కాబట్టి, అది ఇద్దరి పోట్లాటే అనుకున్నాను ఇన్నాళ్ళూ. అత్త ఒక్కతే గోడతో అరుస్తోందేమోనని చూడనే లేదు. మొదటి ధార పీపా లోపలి అంచుకి కొట్టుకుని, ఒంటరిగా వెనక్కి వస్తోంది. అక్కడ ఏ అణువూ దేన్నీ ఢీకొనలేదు.

"నీకెప్పటి నుంచి తెలుసే?"

"కిందటి వానాకాలం నుంచండీ."

"చెప్పి చావొచ్చుగా!"

"చెప్పానండీ. రేకు సంగతి చాలాసార్లు అడిగానండీ." దాని కళ్ళు నిండిపోయాయి. ఇక్కడివాళ్ళకి అడగడమే చెప్పడం. నాకా మాత్రం తెలియదా?

నేల మీద కూలబడి బావురుమన్నాను. ప్రభువా, నా కాలో చెయ్యో తీసుకో, ఆ కొండని మాత్రం పడెయ్యి అని మొరపెట్టుకున్నాను. రేకు ఎత్తాను, దించాను, మళ్ళీ ఎత్తాను. ఉపన్యాసం పుస్తకం అచ్చయి వచ్చేసింది. అన్నయ్యా, చుట్టాలూ రైలు దిగేశారు. రేపటికి నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది?

"నేను నిజం చెబితే నీ డాక్టరేటు గంగలో కలుస్తుందే, లారస్."

"అమ్మగారి ఇష్టమండీ" అని తల దించుకుంది.

మర్నాడు పొద్దున హాలు నిండిపోయింది. నాకు నల్ల గౌను తొడిగారు. మా మంగరా అన్నయ్య ముందు వరసలో కూర్చున్నాడు. నా భుజాల మీద కప్పడానికి, మావాళ్ళు శుభకార్యాల్లో దీవించి కప్పే ఊలోస్ వస్త్రం తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు. అందరి చేతుల్లోనూ నా పుస్తకం ఉంది. నేను నా పుస్తకం మూసేశాను.

"నేను కనిపెట్టానన్నది లేనే లేదు. నాదంతా తప్పు" అన్నాను.

చప్పట్లు మోగాయి.

ఈ ఊళ్ళో వేదికెక్కిన పెద్దలు ముందు తమని తాము తిట్టుకోవాలి. నేను అజ్ఞానిని, అర్హత లేనిదాన్ని అనాలి. అది మర్యాద. వైస్ చాన్సలర్ గారు మైకు దగ్గరికి వంగి నవ్వారు. "బతక్ ఆడపడుచుకి కూడా ఇంత వినయం వచ్చిందంటే, అంతా మన జోగ్జా నీళ్ళ మహిమ!"

హాలు గొల్లుమంది.

"వినయం కాదండీ బాబూ! నిజంగా తప్పు! ఒక్క ధారే గోడకి కొట్టుకుని..." అని అరిచాను. నా అరుపులు వీళ్ళకి అలవాటే. ఆదరంగా తలలూపుతూ ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. అన్నయ్య లేచి నిలబడి మరీ కొట్టాడు. ఈ మనుషులకి నిజం ఎలా చెప్పాలిరా దేవుడా! నేను ఏడుస్తుంటే అవి ఆనందబాష్పాలనుకుని ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

చివరి వరసలో లారస్ లేచింది. పెద్దలు మాట్లాడుతుండగా విద్యార్థి లేవడం ఆ హాల్లో నేనెన్నడూ చూడలేదు. ఏమంటోందో వినడానికి చప్పట్లు తగ్గాయి.

"మన్నించాలండీ," అంది, వినీ వినపడకుండా. "అమ్మగారిది వినయం కాదండీ. ఆ గీత అబద్ధమండీ. నేను కూడా రేకు మూసి చూశానండీ. నా థీసిస్ కూడా అబద్ధమేనండీ."

అంత మెత్తటి పిల్ల అంత మాట అనేసరికి హాలంతా బిగుసుకుపోయింది. వైస్ చాన్సలర్ గారు చేతిలో పుస్తకం మూసి పక్కన పెట్టారు. నేను అంతసేపు గొంతు చించుకున్నా నమ్మనివాళ్ళు దాని ఒక్క మాటకి నమ్మేశారు.

అన్నయ్య ఒక్కడే ఇంకా చప్పట్లు కొడుతున్నాడు. చుట్టూ చూసి ఆపేశాడు.

"ఏమైందే తియుర్మా?" అని నన్ను పేరు పెట్టి, మా భాషలో, మా ఇంటి గొంతుతో అరిచాడు. "ఆ పిల్ల ఏమంటోంది?"

"నిజం చెబుతోంది అన్నయ్యా."

అతను ఒకసారి నా వంక, ఒకసారి వేదిక మీది పెద్దల వంక చూశాడు. ఇవ్వాలో వద్దో తెలియక, ఊలోస్‌ని మడిచి సంచిలో పెట్టుకున్నాడు.